పట్నం ఖాళీ అయిన ఏడు: మా తాత చిట్టా, నార్వే ఓడలు

మా ఇంట్లో పెద్దవాళ్ళు కాలాన్ని సంవత్సరాలతో లెక్కపెట్టేవాళ్ళు కాదు. "పెరటి బావి తవ్విన ఏడు", "తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసిన ఏడు", "పట్నం ఖాళీ అయిన ఏడు" అని చెప్పేవాళ్ళు. మొదటిది ఎప్పుడో మాకూ సరిగా తెలీదు. రెండోది సులువు, 1960 ఏప్రిల్ 1. మూడోది 1942. ఈసారి ఆ మూడోదాని గురించే రాయాలనుకుంటున్నాం.

కనకమ్మ సత్రం తెలియనివాళ్ళకు ఒక్క మాట. చెన్నపట్నం నుంచి తిరుపతికి పోయే రోడ్డు మీద, తిరువళ్ళూరు దాటినాక, తిరుత్తణి ఇంకా రాకముందు వచ్చే ఊరు మాది. సత్రం అన్నమాట పేరులోనే ఉంది. కొండకు నడిచి పోయే యాత్రికులు దిగి, వండుకుని, తెల్లవారుజామున లేచి పోయే తావు. రైలు కావాలంటే తిరువాలంగాడు స్టేషను. ఈ దారిన పోయేవాళ్ళంతా దేవుడి దగ్గరికి పోయేవాళ్ళే కాబట్టి, భయపడి పారిపోయి వచ్చేవాళ్ళను మా ఊరు పెద్దగా చూసింది కాదు. ఆ ఒక్క ఏడు చూసింది.

మా ఇంట్లో చెప్పుకునే కథ ఇది. "జపానువాడు పట్నం మీద బాంబు వేసినాడని పుకారు లేచింది. జనం పెట్టెబేడా నెత్తిన పెట్టుకుని పరుగెత్తుకొచ్చినారు. మన తాత పశువుల కొట్టం కడిగించి అందరికీ చోటిచ్చినాడు. దమ్మిడీ తీసుకోలేదు. రెండు నెలలు చూసి, బాంబూ లేదు గీంబూ లేదని వాళ్ళంతా వెనక్కి పోయినారు." చివరి మాట దగ్గర అందరూ నవ్వాలి. మేమూ చిన్నప్పుడు నవ్వినాం. పెళ్ళిళ్ళలో, పెద్దకర్మల్లో, పండక్కి అందరూ కలిసినప్పుడు ఈ కథ రాకుండా ఉండేది కాదు. పిరికితనానికి మా ఇంట్లో సామెతలాగా అయిపోయింది. ఎవరైనా ఉత్తుత్తికే హడలిపోతే "పట్నంవాళ్ళలాగా ఉరుకుతావేమిరా" అనేవాళ్ళు.

ఆ కథలో రెండు తప్పులున్నాయి. రెండూ మాకు పోయిన ఏడాదే తెలిసినాయి. మొదటిది తెలియడానికి కారణం నార్వే.

మా చిన్నాయన మనవడు ఉద్యోగం మీద నార్వేలో బెర్గెన్ ఊళ్ళో ఉంటున్నాడు. ఆ ఊరి నడిబొడ్డున ఓడ మనుషుల స్మారకం ఒకటి ఉంది, పెద్ద రాతిదిమ్మె, చుట్టూ నావికుల విగ్రహాలు. వాడు రోజూ దాని పక్క నుంచే పోతాడు. ఒక ఆదివారం ఏమీ తోచక, యుద్ధంలో మునిగిన నార్వే సరుకు ఓడల జాబితా తిరగేస్తుంటే ఒకచోట చూపు ఆగిపోయిందట. తేదీ 1942 ఏప్రిల్ 6. స్థలం బంగాళాఖాతం. ఒకటి కాదు, వరసగా మూడు పేర్లు. దాగ్‌ఫ్రెడ్, హెర్మోడ్, ఎల్సా. మూడు రోజుల తర్వాత, ఏప్రిల్ 9న, సింహళం తూర్పు తీరాన ఇంకొకటి, నోర్‌వికెన్. వాడు అది మా కుటుంబం గ్రూపులో పెట్టి, "తాతా, మన పట్నం ఖాళీ అయిన ఏడు ఇదే గదా?" అని అడిగినాడు.

ఇదే. మాకు నవ్వు రాలేదు ఈసారి.

అప్పటి నుంచి దొరికినంత చదివినాం. తెలిసింది వరసలో చెబుతాం.

1942 మొదట్లో తూర్పు నుంచి వచ్చే వార్తలన్నీ చెడ్డవే. ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయింది. మార్చి 8న రంగూను. మన గోదావరి, విశాఖ జిల్లాలవాళ్ళు "రంగం" పోయి కూలి చేసి డబ్బు పంపే ఊరు అది. అక్కడి తెలుగువాళ్ళు వేలమంది అడవుల్లో, కొండల్లో నడిచి ఇండియా చేరే దారి పట్టారు. అందరూ చేరలేదు. మార్చి 23న అండమాన్ దీవులు జపాను చేతికి వచ్చాయి. అంటే బంగాళాఖాతంలో ఇక ఒక గట్టు వాళ్ళది, ఒక గట్టు మనది.

ఏప్రిల్ 5, ఈస్టరు ఆదివారం. నగుమో అనే అడ్మిరల్ పెద్ద విమానవాహక నౌకల దండుతో వచ్చి కొలంబో మీద బాంబులు వేసినాడు. ఇది పుస్తకాల్లో బాగా ఉంది. దానికి తోడు రెండో దండు ఒకటి వచ్చిందన్న సంగతి మాత్రం తక్కువమందికి తెలుసు. ఒజావా అనే ఇంకో అడ్మిరల్ బర్మా దక్షిణాన మెర్గుయి నుంచి బయలుదేరి బంగాళాఖాతంలోకి దిగినాడు. ఆయన దగ్గర చిన్న విమానవాహక నౌక ర్యూజో, చోకాయ్, కుమానో, సుజుయా, మికుమా, మొగామి అనే క్రూయిజర్లు, వాటికంటే చిన్నది యురా, కొన్ని డిస్ట్రాయర్లు. ఆయన పని కొలంబో కాదు. మన తూర్పు తీరం వెంట పోయే సరుకు ఓడలు.

ఆ ఓడలు అక్కడ అన్ని ఎందుకున్నాయి? రంగూను పోయినాక కలకత్తా రేవులో ఓడలు కిక్కిరిసిపోయినాయి. రేవు మీద దాడి జరిగితే అన్నీ ఒక్కచోటే పోతాయని వాటిని చెదరగొట్టి తీరం వెంబడి కిందికి పంపారు. కాపలాకు యుద్ధనౌకలు లేవు. బ్రిటిషువాళ్ళ తూర్పు నౌకాదళం సింహళానికి నైరుతిలో ఎక్కడో ఉంది. కాబట్టి గుడ్డివాణ్ణి రోడ్డు దాటించకుండా వదిలేసినట్టు, ఓడల్ని ఒడ్డు పట్టుకుని పొమ్మన్నారు.

ఏప్రిల్ 6, సోమవారం. ఒజావా తన దండును మూడుగా చీల్చినాడు. ఒకటి ఉత్తరాన ఒరిస్సా వైపు, ఒకటి నడుమ, ఒకటి దక్షిణాన. ఆ ఒక్క పూటా వాళ్ళకు ఎదురు చెప్పినవాళ్ళు లేరు. సరుకు ఓడ వేగం సైకిలు వేగమంత. క్రూయిజరు దానికి మూడింతల పైన పోతుంది. మొగామి మీద ఎనిమిది అంగుళాల ఫిరంగులు పది. హెర్మోడ్ చూస్తే మొత్తం 1,515 టన్నుల ఓడ! దాగ్‌ఫ్రెడ్ కొంచెం పెద్దది, 4,434 టన్నులు. ఎల్సా ఐదు వేలు దాటింది. వీటితో పాటు బ్రిటిషువి, డచ్చివి, అమెరికావి. మాల్డా, ఇండోరా, గండారా అనేవి బ్రిటిష్ ఇండియా కంపెనీవి. రంగం పోయిన మన తీరంవాళ్ళు ఎక్కే స్టీమర్లు ఆ కంపెనీవే. ఆ దండు మన సముద్రంలో ఉన్న కొద్ది రోజుల్లో మునిగినవి అన్నీ కలిపి ఇరవైకి అటూ ఇటూ, సుమారు లక్ష టన్నులు.

అదే రోజు ర్యూజో విమానాలు కాకినాడ మీద, విశాఖపట్నం మీద బాంబులు వేసినాయి. ఇండియా ప్రధాన భూభాగం మీద పడిన మొదటి బాంబులు అవే. చనిపోయినవాళ్ళు కొద్దిమందే అయినా విశాఖలో ఊరు ఊరంతా పల్లెలకు తరలిపోయింది. అక్కడ అప్పటికి రేవు తెరిచి తొమ్మిదేళ్ళు కూడా కాలేదు. 1941 జూన్‌లో రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియావాళ్ళ ఓడల కర్మాగారం పని మధ్యలో చిక్కుకుంది. మొదటి ఓడ జల ఉష నీళ్ళలోకి దిగింది 1948లో. అది వేరే కథ, ఇంకోసారి రాస్తాం.

మునిగిన ఓడల నుంచి బతికి బయటపడినవాళ్ళు లైఫ్ బోట్లలో తెడ్లు వేసుకుంటూ ఒడ్డుకు వచ్చినారు. వందలమంది. ఒరిస్సా తీరంలో బెస్తపల్లెల వాళ్ళు ముందు చూసినారు వాళ్ళని. చర్మం కాలినవాళ్ళు, నూనె పూసుకున్నట్టు నల్లబడినవాళ్ళు, ఎవరి భాష ఎవరికీ తెలియనివాళ్ళు. ఆ ఓడల్లో పనిచేసేవాళ్ళలో మన దేశం లస్కర్లు చాలామంది ఉండేవాళ్ళు. ఆ యుద్ధం మొత్తంలో బ్రిటిషు సరుకు ఓడల మీద చనిపోయిన ఇండియా నావికులు ఆరు వేలకు పైనే. వాళ్ళ పేర్లు ఏ ఊరి బొడ్రాయి మీదా చెక్కలేదు.

ఇప్పుడు నార్వే సంగతి. ఎక్కడో మంచు దేశంవాళ్ళ ఓడలు మన సముద్రంలో ఏం చేస్తున్నాయని మా ఇంట్లో ముందు వచ్చిన ప్రశ్న అదే.

నార్వే జనాభా అప్పటికి ముప్పై లక్షలు. మన ఒక్క పెద్ద జిల్లా అంత. కానీ సరుకు ఓడల్లో బ్రిటన్, అమెరికా, జపాను తర్వాత వాళ్ళదే నాలుగో పెద్ద దండు. ఆ ఓడల్లో చాలావాటికి సొంత దేశం సరుకుతో పనే లేదు. ఎవరు కిరాయికి పిలిస్తే వాళ్ళకు తోలేవి. మా ఊళ్ళో జోడెద్దుల బండివాళ్ళు ఎట్లాగో అట్లాగే. రంగూను బియ్యం, కలకత్తా గోనెలు, జావా చక్కెర. ఏళ్ళ తరబడి ఆసియా రేవుల మధ్యనే తిరిగి, సొంతూరు రేవు ముఖం చూడని ఓడలు కూడా ఉండేవి.

1940 ఏప్రిల్ 9 తెల్లవారుజామున జర్మనీ నార్వే మీద పడింది. అప్పుడు వాళ్ళ ఓడలు వెయ్యి దాకా ప్రపంచంలో ఎక్కడెక్కడో నీళ్ళ మీద ఉన్నాయి. జర్మనుల చేతిలోని రేడియో వాటిని ఇంటికి రమ్మంది, లేదా తటస్థ రేవులకు పొమ్మంది. కెప్టెన్లు వినలేదు. బయట ఉన్న ఓడలు మిత్రదేశాల రేవులకే చేరినాయి. నార్వే ప్రభుత్వం వాటన్నిటినీ ఒక్క సంస్థ కిందకు తెచ్చింది. దాని పేరు నోర్‌ట్రాషిప్, లండన్ నుంచి, న్యూయార్క్ నుంచి నడిచింది. ముప్పై వేలమంది మనుషులు. అప్పటికి లోకంలో అంత పెద్ద ఓడల కంపెనీ ఇంకొకటి లేదు. జూన్ 7న రాజు హాకన్ కూడా దేశం వదిలి బ్రిటన్ పోయినాడు.

మాకు ఇక్కడ కొంచెం ఆగాలనిపించింది. ఆ ముప్పై వేలమందికీ ఆ రోజు నుంచి ఇల్లు లేదు. ఇల్లు ఉంది, పెళ్ళాం బిడ్డలున్నారు, కానీ పోవడానికి లేదు. ఐదేళ్ళు. జీతం వస్తుంది, ఇంటికి పంపడానికి దారి లేదు. ఓడ మునిగితే ఇంకో ఓడ ఎక్కాలి, అంతే. దాగ్‌ఫ్రెడ్‌లోనో హెర్మోడ్‌లోనో పనిచేసే ఒక కళాసీ ఆ సోమవారం పొద్దున మన కాకినాడ ఎదుటి నీళ్ళలో క్రూయిజరు పొగ చూసి ఉంటాడు. అతని సొంతూరికి ఈ యుద్ధం వచ్చి అప్పటికి సరిగ్గా మూడు రోజులు తక్కువ రెండేళ్ళు. నోర్‌వికెన్ మునిగింది ఏప్రిల్ 9న, అంటే ఆ రెండేళ్ళు నిండిన రోజునే. హెర్మీస్ అనే బ్రిటిషు విమానవాహక నౌకను ముంచిన విమానాల దాడిలోనే, సింహళం తీరాన, ఆ చిన్న స్టీమరు కూడా పోయింది.

ఇది యాదృచ్ఛికమేనని మాకూ తెలుసు. అయినా చెప్పకుండా ఉండలేకపోయాం.

తిరిగి మన తీరానికి వద్దాం. ఓడలు మునిగిన కబురు పేపర్లలో పూర్తిగా రాలేదు, సెన్సారు ఉండేది. కానీ కాకినాడ, విశాఖ బాంబుల కబురు దాచితే దాగేది కాదు. మద్రాసు ప్రభుత్వానికి ఇంకా పెద్ద భయం పట్టుకుంది. జపాను సైన్యం ఓడల్లో వస్తోంది, మద్రాసు ఒడ్డున దిగుతుందని. ఆ వారంలోనే, పని లేనివాళ్ళు పట్నం వదిలి పొమ్మని ప్రకటన వచ్చింది. హైకోర్టు కోయంబత్తూరుకు తరలింది. సచివాలయం ముక్కలు ముక్కలుగా లోపలి ఊళ్ళకు పోయింది. సెంట్రల్ స్టేషను దగ్గర, రిప్పన్ బిల్డింగు వెనక అప్పుడు జంతుప్రదర్శనశాల ఉండేది. బాంబు పడి బోనులు పగిలితే పులులు వీధుల్లోకి వస్తాయని మలబారు స్పెషల్ పోలీసుల చేత సింహాలను, పులులను కాల్పించేశారు.

ఈ ముక్క మా పెద్దత్తకు తెలుసు. అప్పుడామెకు తొమ్మిదేళ్ళు. మా కొట్టంలో దిగిన పిల్లలు చెప్పినారట, "మా సింహాన్ని కాల్చేసినారు" అని ఏడ్చినారట. తొంభై దాటిన మనిషి, మిగతావన్నీ మరిచిపోయింది గానీ ఆ పిల్లలు "మా సింహం" అన్నది మరిచిపోలేదు.

ఇంకొక సంగతి కూడా ఉంది. పట్నంవాళ్ళకు సముద్రం నుంచి దెబ్బ కొత్త కాదు. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మను ఓడ వచ్చి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకుల్ని తగలబెట్టి పోయింది. అప్పుడూ జనం పారిపోయినారు. మా ఇంట్లో ఇప్పటికీ గడుసువాణ్ణి "వాడొక ఎండన్" అంటాం, ఆ ఓడ పేరే అది. తమిళంవాళ్ళ దగ్గర నేర్చుకున్న మాట. 1943 అక్టోబరులో ఒక జపాను విమానం ఒంటరిగా వచ్చి పట్నం మీద బాంబులు వేసి పోయింది కూడా. మా ఇంటి కథలో ఈ మూడూ కలిసిపోయినాయి. 1914 మంటలు, 1942 పరుగు, 1943 బాంబు. కలిపేసి, చివరికి ఏమీ జరగలేదని తేల్చేసినాం.

నిజానికి ఆ ఏప్రిల్‌లో దండు దిగే ఆలోచన జపానుకు లేదు. కొట్టి పోవడానికే వచ్చింది. ఆ నెలలోనే వెనక్కి మళ్ళింది, జూన్‌లో మిడ్వే దగ్గర చావుదెబ్బ తింది. ఏప్రిల్ 6న మన సముద్రంలో ఓడలు ముంచిన మికుమా సరిగ్గా రెండు నెలలకు, జూన్ 6న, అక్కడే మునిగింది. కానీ ఇదంతా ఏప్రిల్ రెండో వారంలో మైలాపూరులోనో, చాకలిపేటలోనో ఉన్న మనిషికి ఎట్లా తెలుస్తుంది? అతనికి తెలిసింది ఒక్కటే. సింగపూరు పోయింది, రంగూను పోయింది, కాకినాడ మీద బాంబు పడింది. పిల్లల్ని తీసుకుని తిరువళ్ళూరు రైలెక్కినాడు. అది పిరికితనం ఎట్లా అవుతుంది? మద్రాసుకు ఉత్తరాన ఉన్న సముద్రం ఆ రోజున నిజంగానే శత్రువు చేతిలో ఉండె. ఆ మాట చెప్పడానికి ఇరవై ఓడలు నీళ్ళ అడుగున ఉన్నాయి.

ఓడలు పోయిన దెబ్బ ఆ నెలతో తీరిపోలేదు. తూర్పు తీరం వెంట ఓడల రాకపోకలు కొన్నాళ్ళు దాదాపు ఆగిపోయినాయి. కలకత్తా నుంచి ఓడల్లో రావలసిన బొగ్గు రైళ్ళ మీద పడింది. బర్మా బియ్యం అసలే ఆగిపోయె. ఈ ప్రాంతం రేషను క్యూలు మా నాయన తరంవాళ్ళకు బాగా గుర్తు. అప్పుడే తిరువళ్ళూరు దగ్గర పూండిలో, పట్నానికి నీళ్ళ కోసం, చెరువు కట్టే పని జరుగుతుండె. మేయరు సత్యమూర్తి 1940లో మొదలు పెట్టించిన పని. పట్నం జనం ఇటు పారిపోయి వస్తుంటే, పట్నం కోసం నీళ్ళు ఇక్కడే కూడబెడుతున్నారన్నమాట. అది 1944కు పూర్తయింది.

ఇక రెండో తప్పు.

నార్వే కబురు వచ్చినాక మా తాత కాగితాల పెట్టె తెరిచినాం. చిల్లర కొట్టు నడిపిన మనిషి కాబట్టి ఏటేటా చిట్టా రాసేవాడు. చిత్రభాను సంవత్సరం చిట్టా సగం చెదలు తినింది, సగం ఉంది. చైత్ర బహుళంలో, పక్కన ఇంగ్లీషు తేదీ 9 వేసి, తాత చేతిరాతలో ఇట్లా ఉంది: "కొట్టం, పట్నం వారు, అద్దె 3 రూ." దాని కింద రోజురోజుకూ ఇంకా ఉన్నాయి. "వసారా, పట్నం వారు, 2 రూ." "బియ్యం 4 పడులు, రొక్కం." "బావి నీళ్ళు తోడినందుకు కూలి" అని ఒకటి. వైశాఖం వచ్చేసరికి కొట్టం అద్దె 3 నుంచి 5 అయింది.

దమ్మిడీ తీసుకోలేదన్న కథ అక్కడ ఆగిపోయింది.

ఇది ఇక్కడ రాయాలా వద్దా అని మాలో మాకే మాట తేడా వచ్చింది. మా అన్నదమ్ముల్లో ఒకరు "పోయిన మనిషి పేరు ఎందుకు చెడగొట్టడం, చెదలు ఆ సగం కూడా తినేసి ఉంటే బాగుండేది" అన్నారు. ఇంకొకరు "మూడు రూపాయలకు అప్పట్లో ఎవరు ఇస్తారు, ధరలు మండిపోతుండె, తాత కూడా బతకాలి గదా" అన్నారు. అదీ నిజమే. చివరికి రాయాలనే అనుకున్నాం. ఎందుకంటే పారిపోయి వచ్చినవాళ్ళను ఎనభై ఏళ్ళు నవ్వినాం, నవ్విన ఇంటివాళ్ళు వాళ్ళ దగ్గర అద్దె తీసుకున్నారన్న సంగతి కూడా పక్కనే ఉండాలి.

చిట్టాలో ఒక్క పద్దు మాత్రం వేరుగా ఉంది. "మూల గది, ముసలామె, ఒంటరి" అని రాసి, డబ్బు వేయాల్సిన చోట "వద్దు" అని రాసి ఉంది. ఎవరో, ఎక్కడినుంచో, ఎన్నాళ్ళుందో లేదు. పెద్దత్తను అడిగితే ఆమెకూ గుర్తు లేదు. "మీ తాత ఎవరికైనా ఉత్తపుణ్యానికి ఇచ్చినాడంటే ఆమె చాలా చెడ్డ స్థితిలో ఉండి ఉండాలి" అంది, నవ్వుతూనే.

నార్వేవాళ్ళ లెక్కలూ తేలడానికి చాలా ఏళ్ళు పట్టింది. యుద్ధంలో వాళ్ళ ఓడలు ఐదు వందల దాకా పోయినాయి, నావికులు మూడు వేలకు పైగా చనిపోయినారు. బతికినవాళ్ళకు ఒక మాట ఉండేది. యుద్ధకాలపు జీతంలో కొంత ఆపి ఒక నిధిలో వేస్తున్నారు, యుద్ధం అయినాక ఇస్తారని. యుద్ధం అయింది, 1945 మే 8న నార్వే విడుదలైంది, రాజు జూన్ 7న, పోయిన తేదీనే, తిరిగి వచ్చినాడు. నావికులు మాత్రం ఆ డబ్బు కోసం కోర్టు దాకా పోయి ఓడిపోయినారు. తాగుబోతులన్నారు, నిద్రపట్టని రోగమన్నారు, చాలామందిని ఎవరూ పట్టించుకోలేదు. 1972లో వాళ్ళ పార్లమెంటు ఓడ మీద గడిపిన నెలకు ఇంతని లెక్కగట్టి ఇచ్చింది. అప్పటికి ఎందరో పోయినారు. ప్రభుత్వం తరఫున క్షమాపణ వచ్చింది 2013లో.

ఇవన్నీ ఒక సాయంత్రం పెద్దత్త దగ్గర కూర్చుని చదివి వినిపించినాం. ఓడల పేర్లు ఆమెకు నోరు తిరగలేదు. దాగ్‌ఫ్రెడ్‌ను "దాపురెడ్డి" అనింది, ఇప్పుడు ఇంట్లో పిల్లలందరికీ ఆ ఓడ దాపురెడ్డే. క్రూయిజర్లు, టన్నులు, అడ్మిరళ్ళు ఆమెకు పట్టలేదు. అంతా విని ఒక్కటే అడిగింది.

"ఆ నార్వేవాళ్ళు మళ్ళా ఇల్లు జేరినారా నాయనా?"

కొందరు చేరినారత్తా, అని చెప్పినాం. ఐదేళ్ళకు.

"మన కొట్టంలోవాళ్ళు రెండు నెలలకే పోయినారు" అనింది. "పోయేటప్పుడు వాళ్ళ పిల్ల నాకు గాజులిచ్చింది. మీ తాత చిట్టాలో అది రాసినాడా చూడండి."

చూసినాం. రాయలేదు.